సంఘ ప్రార్థన: ఒడిశా సరిహద్దులో వినిపించే అపోహలు, వాటి వాస్తవాలు

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం ప్రాంతాల తెలుగు సంఘాల్లో ప్రార్థన కూటాలను నడిపించేవారికి కొన్ని ప్రశ్నలు ఏటేటా దాదాపు అవే మాటల్లో ఎదురవుతుంటాయి. వాటిలో కొన్ని సంఘ పెద్దల నుంచి, కొన్ని కొత్తగా ఈ ఊళ్ళకు కాపురానికి వచ్చిన కోడళ్ళ నుంచి, మరికొన్ని సంఘంతో ఏ సంబంధమూ లేని ఇరుగుపొరుగు నుంచి వస్తాయి. బుధవారాల్లో ఇళ్ళలో జరిగే కుటీర ప్రార్థనలను, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల ధ్యాన కూటాలను నడిపించే బాధ్యత నాకు ఉన్నందువల్ల, తరచుగా చెప్పవలసి వచ్చే జవాబులను ఇక్కడ ఒకచోట ఉంచుతున్నాను. ఈ అపోహల్లో చాలా వరకు ప్రార్థనను మాట్లాడే పనిగా మాత్రమే చూడడం వల్ల పుట్టినవని నా అభిప్రాయం. పదిమంది కూడినచోట ఒకరు పలుకుతుంటే తొమ్మిదిమంది వింటారు. కాబట్టి ఆ ప్రార్థన ఎలా సాగిందన్నది పలికినవారి మీద కన్నా విన్నవారి మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

అపోహ: తలుపు వేసుకుని రహస్యంగా ప్రార్థించమని యేసు చెప్పాడు కాబట్టి నలుగురిలో ప్రార్థించడం ప్రదర్శనే అవుతుంది.

మత్తయి సువార్త 6వ అధ్యాయంలోని ఆ మాట మనుష్యులకు కనబడాలనే కోరికతో వీధుల మూలల్లో నిలబడి ప్రార్థించేవారిని ఉద్దేశించినది. అదే సువార్త 18వ అధ్యాయంలో ఇద్దరు ముగ్గురు తన నామమున కూడినచోట తాను ఉంటానని ఆయనే చెప్పాడు. అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయం తొలి సంఘం ఎడతెగక చేసిన పనుల్లో బోధ, సహవాసం, రొట్టె విరుచుటతో పాటు ప్రార్థనను కూడా పేర్కొంటుంది. గదిలోని ప్రార్థన, సంఘంలోని ప్రార్థన రెండూ అవసరమే.

అపోహ: పాస్టరు గారు ప్రార్థిస్తే చాలు, మిగిలినవారి పని చివర ఆమేన్ అనడమే.

ఈ మాటలో సగం నిజముంది, అందుకే ఇది అంత త్వరగా పోదు. ఆమేన్ అనడం చిన్న పని కాదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో పౌలు అడిగిన ప్రశ్న సరిగ్గా దీని గురించే: నీవు చెప్పినది అర్థం కాని మనిషి నీ కృతజ్ఞతాస్తుతికి ఆమేన్ అని ఎలా చెప్పగలడు? ఎదుటివారు పలికిన మనవిని విని, గ్రహించి, అది తనదిగా ఒప్పుకున్నవారే ఆ మాట అనాలి. వినకుండా అన్న ఆమేన్ చదవని కాగితం మీద పెట్టిన సంతకం వంటిది. అందువల్ల నడిపించేవారు ఒక మనవికీ మరొక మనవికీ మధ్య ఊపిరి తీసుకునేంత విరామం ఇవ్వాలి. ఒకే గుక్కలో రోగులను, ప్రయాణికులను, పరీక్షలు రాసే పిల్లలను, ప్రభుత్వాన్ని చుట్టబెట్టి ముగిస్తే వినేవారికి ఒప్పుకునే వ్యవధి ఉండదు.

రెండో సగం మాత్రం సరికాదు. సంఘంలో ప్రతివారికీ ప్రార్థించే బాధ్యత ఉంది, అయితే ఆ బాధ్యతను వారి చేతికి ఇచ్చే పద్ధతి మన కుటుంబాల మర్యాదలను ఎరిగినదై ఉండాలి. మామగారి ఎదుట గొంతెత్తి మాట్లాడడం అలవాటు లేని కోడలిని నిండు కూటంలో లేపి ప్రార్థించమ్మా అంటే ఆమె సిగ్గుతో చితికిపోతుంది, పై వారం రాదు. అదే మనిషి స్త్రీల కూటంలో నలుగురైదుగురు గుండ్రంగా కూర్చున్నప్పుడు, ఒక్కొక్కరు ఒక్క వాక్యం మాత్రమే పలకాలని నియమం పెడితే, పక్కింటి బిడ్డ జ్వరం గురించి ఎంతో సూటిగా ప్రార్థించడం నేను చూస్తూనే ఉన్నాను. ఒక్క వాక్యం నియమం పెద్దలకు నచ్చదు, ఆ సంగతి ముందే చెబుతున్నాను. ప్రార్థనలో ప్రసంగం చేసే అలవాటున్నవారికి అది మరీ కష్టంగా తోస్తుంది.

అపోహ: ఎంత పెద్ద గొంతుతో, ఎంతసేపు ప్రార్థిస్తే అంత శక్తి.

విస్తారంగా మాట్లాడినంత మాత్రాన వినబడుతుందనుకోవడాన్ని యేసు నేరుగా ఖండించాడు. లూకా 18వ అధ్యాయంలో నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికి వెళ్ళిన సుంకరి, అంటే పన్ను వసూలు చేసేవాడి, ప్రార్థన ఒక్క వాక్యమే. అలాగని ఎలుగెత్తి ప్రార్థించడం తప్పని కాదు. కార్యములు 4వ అధ్యాయంలో విశ్వాసులు ఏకమనస్సుతో బిగ్గరగానే ప్రార్థించారు. అభ్యంతరం మైకుతోనే. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు మూసి ఉన్న ప్రాంగణాల లోపల తప్ప లౌడ్‌స్పీకర్ వాడరాదు, నివాస ప్రాంతాల్లో రాత్రి శబ్ద పరిమితి 45 డెసిబెల్స్ మాత్రమే. డిసెంబరు 31 రాత్రి కూడికకు సడలింపు ఉందో లేదో ముందుగానే విచారించి అనుమతి తీసుకోవాలి. రాత్రి పని ముగించుకుని వచ్చి నిద్రపోయే కార్మికుల క్వార్టర్ల మధ్య పగటి కూటానికైనా మైకు ఎందుకో నాకు అర్థం కాదు.

అపోహ: రాసిపెట్టుకున్న ప్రార్థనలో ఆత్మ ఉండదు.

ఈ తగవు మన ప్రాంతంలో కాస్త ఎక్కువ. 1880లలో జర్మనీలోని బ్రెక్లుమ్ నుంచి కోరాపుట్, జయపురం వైపు వచ్చిన లూథరన్ మిషనరీల సంప్రదాయంలో ఆరాధన క్రమం పుస్తకంలో ఉంటుంది; పర్లాకిమిడి వైపు పనిచేసిన కెనడా బాప్టిస్టుల సంప్రదాయంలో అప్పటికప్పుడు హృదయంలో కలిగిన మాటలకే పెద్దపీట. ఈ రెండు సంప్రదాయాల కుటుంబాలూ ఒకే తెలుగు కూటంలో కూర్చున్నప్పుడు ఒకరిది చప్పగా, ఇంకొకరిది చిందరవందరగా ఒకరికొకరికి అనిపించడం సహజం. అయితే కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనలూ రాసిపెట్టిన ప్రార్థనలే, ప్రభువు నేర్పిన ప్రార్థన కూడా అంతే. మరోవైపు, రాసుకోకుండా ప్రార్థిస్తున్నామనుకునేవారు ప్రతి వారం అవే పదబంధాలను అదే వరుసలో పలకడం కాస్త శ్రద్ధగా వింటే తెలిసిపోతుంది. పుస్తకం లేనంత మాత్రాన కొత్తదనం రాదు.

అపోహ: ప్రార్థన మనవిలో వివరాలన్నీ చెబితేనే భారంతో ప్రార్థించగలం.

కూటాలను నడిపించేవారు అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండవలసిన చోటు ఇదే. ఫలానావారి అమ్మాయి సంబంధం తప్పిపోయిందని, ఫలానావారి అబ్బాయి తాగుడుకు అలవాటుపడ్డాడని మనవి రూపంలో బయటికి వచ్చిన సంగతి మర్నాటికల్లా బజారులో ఉంటుంది. చెప్పినవారిని అడిగితే ప్రార్థన కోసమే చెప్పామంటారు. తెలుగువారు కొద్ది ఇళ్ళుగా ఉండి, అందరూ పార్వతీపురం, బొబ్బిలి, పాలకొండ బంధుత్వాలతో ముడిపడి ఉన్న ఊళ్ళలో ఆ మాట రెండు మూడు రోజుల్లో జిల్లా దాటి వియ్యాలవారి ఇంటికి కూడా చేరుతుంది. యాకోబు పత్రిక 5వ అధ్యాయం ఒకరితో ఒకరు పాపాలను ఒప్పుకోమని చెప్పిందే గాని, ఒకరి పాపాలను మరొకరు ఒప్పుకోమని చెప్పలేదు.

అందుకని మేము పాటించే నియమాలు ఇవి. ఇతరుల గురించిన మనవిని వారి అనుమతితోనే తేవాలి. అనుమతి లేకపోతే పేరు గాని, ఊరు గాని, గుర్తుపట్టగల ఆనవాళ్ళు గాని చెప్పకూడదు. జబ్బు పేరు చెప్పాలా వద్దా అన్నది రోగి ఇష్టం, కుటుంబం ఇష్టం కూడా కాదు. వాట్సాప్ గ్రూపులో మనవులను పేర్లతో పెట్టకూడదు, ఎందుకంటే కూటంలో విన్నది పదిమంది దగ్గర ఆగవచ్చునేమో గాని ఫోనులోకి ఎక్కినది ఆగదు. వివరం లేకపోతే భారం కలగదనే వాదన నిలవదు. తన మాట కూటంలోనే ఉంటుందన్న ధైర్యం ఉన్నచోటే మనుషులు అసలు బాధను బయటపెడతారు; ఆ ధైర్యం లేనిచోట ప్రయాణాలు, పరీక్షలు, చిన్నచిన్న జలుబులు మాత్రమే మనవులుగా వస్తాయి.

అపోహ: విశ్వాసం ఉంటే మందు అక్కరలేదు, జబ్బు తగ్గకపోతే విశ్వాసం తక్కువైందని అర్థం.

కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాలు దేశంలో మలేరియా తీవ్రంగా బాధించిన ప్రాంతాల్లోనివి. జ్వరం వచ్చిన మనిషిని ప్రార్థనకు తీసుకువస్తే ముందు అడగవలసిన ప్రశ్న ఆశా దీదీ రక్తపరీక్ష చేసిందా అన్నదే, ఎందుకంటే ఫాల్సిపరం అనే ప్రమాదకరమైన రకం మలేరియాలో ఒకటి రెండు రోజుల ఆలస్యం కూడా ప్రాణం మీదికి తేగలదు. క్షయ మందులను డాక్టరు చెప్పేవరకు, మామూలుగా కనీసం ఆరు నెలలు, వాడవలసిందే. ఉపవాస కూటం పేరుతో మధ్యలో మానిపించే హక్కు ఎవరికీ లేదు. మధుమేహం ఉన్నవారు, గర్భిణులు, మందులు వాడుతున్నవారు ఉపవాసం ఉండకపోయినా కూటంలో పూర్తిగా పాలుపంచుకున్నట్టే. ఇందులో విశ్వాసానికి విరుద్ధమైనది ఏదీ లేదు. పౌలు తిమోతికి కడుపు జబ్బు నిమిత్తం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. రాయగడ జిల్లా బిస్సంకటక్‌లో 1954లో మొదలైన క్రైస్తవ ఆసుపత్రి ప్రార్థనను, వైద్యాన్ని ఒకే ఆవరణలో నడిపించడం మన ప్రాంతపువారు ఎరిగినదే.

తగ్గకపోవడాన్ని విశ్వాసలోపంగా చెప్పడం ఇంకా క్రూరమైన మాట. అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయాన్ని తీరికగా చదవండి. పేతురు చెరసాలలో ఉన్నాడు, మార్కు అను మారుపేరు గల యోహాను తల్లి మరియ ఇంట్లో సంఘం కూడి అతని కోసం అత్యాసక్తితో ప్రార్థిస్తోంది. విడుదలైన పేతురే వచ్చి తలుపు తట్టితే, రొదే అనే చిన్నది గొంతు గుర్తుపట్టి లోపలికి పరుగెత్తి చెప్పింది, వారు ఆమెకు పిచ్చి పట్టిందన్నారు. అంటే ఆ రాత్రి ప్రార్థించినవారికి తమ ప్రార్థన ఫలిస్తుందన్న నమ్మకం అంతంత మాత్రమే, అయినా పేతురు బయటికి వచ్చాడు. అదే అధ్యాయం మొదట్లో అపొస్తలుడైన యాకోబు ఖడ్గంతో చంపబడ్డాడు, అతని విషయంలో సంఘపు విశ్వాసాన్ని లేఖనం ఎక్కడా తప్పుపట్టలేదు. పౌలు తన శరీరంలోని ముల్లు తొలగాలని మూడుసార్లు వేడుకున్నా అది తొలగలేదు. రోగి మంచం పక్కన నిలబడి విశ్వాసాన్ని కొలిచేవారు ఈ భాగాలు చదివి వెళ్ళాలి.

దీనికి అనుబంధంగా ఇంకొక అలవాటు ఉంది. సాక్ష్యాల సమయంలో ఉద్యోగం వచ్చినవారికి, ఇల్లు కట్టినవారికి మాత్రమే పిలుపు వస్తుంది. కీర్తనల్లో విలాప కీర్తనలు చాలా ఉన్నాయి. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, చివరి వాక్యంలో కూడా ఊరట లేదు. అటువంటి కీర్తనను బిడ్డను పోగొట్టుకున్న కుటుంబం ఉన్న కూటంలో ఏ వ్యాఖ్యానమూ లేకుండా చదివి వినిపించడం ఉపయోగకరమైన పరిచర్య.

అపోహ: ప్రార్థన కూటం అంటే మతమార్పిడి కూటం.

ఇది బయటివారి అపోహ గనుక ఓపికగా చెప్పాలి. 1967 నాటి ఒడిశా మత స్వేచ్ఛా చట్టం బలవంతం, ప్రలోభం, మోసం ద్వారా జరిగే మతమార్పిడిని నిషేధించింది, 1977లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. సంఘం తన ఇళ్ళలో, తన మందిరంలో కూడి ప్రార్థించుకోవడం ఆ నిషేధం కిందికి రాదు. ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం అనే పరిమితులకు లోబడి రాజ్యాంగం 25వ అధికరణం ఆ స్వేచ్ఛను ఇచ్చింది. మన వైపు నుంచి పాటించవలసినవి కూడా ఉన్నాయి: కూటానికి వచ్చినవారికి వస్తువులు, డబ్బు పంచకూడదు, వేరే మతపు పొరుగువారు తమ రోగి కోసం ప్రార్థించమని అడిగితే ఇంటి పెద్దల సమ్మతితోనే వెళ్ళాలి, వెళ్ళినచోట ఫోటోలు తీసి పంచుకోకూడదు.

అపోహ: ఒడిశాలో తెలుగు ప్రార్థన వలస వచ్చినవారి వ్యవహారం, రేపటి పిల్లలకు అది అక్కరలేదు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు ఈ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో ఉండేవి. తెలుగు క్రైస్తవ కీర్తనకారుల్లో తొలితరంవాడైన పురుషోత్తమ చౌదరి పర్లాకిమిడి ప్రాంతంవాడే, 1833లో కటకంలో బాప్తిస్మం పొందాడు. కాబట్టి తెలుగు కీర్తన ఇక్కడికి ఎక్కడి నుంచో వచ్చింది కాదు. అయితే ఒడియా మాధ్యమంలో చదివే మన పిల్లలు తెలుగు మాట్లాడగలరు గాని చదవలేరు. కీర్తనలను ఒడియా అక్షరాల్లో రాసుకుని పాడుకుంటారు. దాన్ని లోటుగా చూసి మందలించే పెద్దలున్నారు, నాకది మంచి ఉపాయంగానే కనిపిస్తుంది. సవర, కుయి మాట్లాడే కోడళ్ళు, అల్లుళ్ళు ఉన్న కూటంలో ఎవరి భాషలో వారు ప్రార్థించి, ఒక్క వాక్యంలో సారాంశం తెలుగులో చెబితే అందరూ ఆమేన్ అనగలరు.

అపోహ: మౌన ధ్యానం క్రైస్తవులది కాదు, కూటంలో నిశ్శబ్దం ఉంటే ఏదో లోపం జరిగినట్టే.

మొదటి కీర్తన ధన్యుడైన మనిషిని దివారాత్రము ధర్మశాస్త్రాన్ని ధ్యానించేవాడిగా వర్ణిస్తుంది. చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, దేవుని సన్నిధిలో నిలవడం అనే నాలుగు మెట్లను 12వ శతాబ్దంలో గ్విగో అనే సన్యాసి రాసిపెట్టాడు. మన శ్రమదినాల కూటాల్లో దీన్ని తేలికగా అమలు చేయవచ్చు: పది వచనాలకు మించని భాగాన్ని ఎంచుకుని, ఒకసారి తెలుగులో, ఒకసారి ఒడియాలో, మళ్ళీ తెలుగులో చదివించి, ప్రతి పఠనం తరువాత రెండు మూడు నిమిషాలు మౌనంగా ఉండి, చివరగా ఇష్టమున్నవారు తమను ఆపిన మాటను మాత్రమే, వివరణ లేకుండా, చెప్పాలి. మొదటి వారాల్లో ఆ రెండు నిమిషాలు భరించలేనంత పొడవుగా తోచి ఎవరో ఒకరు పాట ఎత్తుకుంటారు. అది జరగకుండా ఉండాలంటే ఎంతసేపు మౌనమో ముందుగానే చెప్పి, గడియారం చూసే పని ఒకరికి అప్పగించాలి. చదివేవారిని కూడా ముందు రోజే నిర్ణయించాలి, ఎందుకంటే తడబడుతూ చదివిన భాగాన్ని ఎవరూ ధ్యానించలేరు. ఒడియా పఠనాన్ని హైస్కూలు పిల్లలకు ఇస్తే వారు పెద్దల కన్నా బాగా చదువుతారు.