రోహిణి నుంచి సంక్రాంతి దాకా మెట్టపొలం పక్షులు

పక్షుల్ని చూడాలనే సరదా పుట్టినవాళ్లు మన దగ్గర ముందుగా నీళ్ల వైపే వెళ్తారు. కొల్లేరు, పులికాట్, నేలపట్టు, కాకపోతే ఊరి చెరువు. అక్కడ పక్షులు పెద్దవి, గుంపులుగా ఉంటాయి, కాసేపు కదలకుండా నిలబడతాయి. కొత్తగా బైనాక్యులర్ పట్టినవాళ్లకు అంతకంటే ఏం కావాలి? కర్నూలు నుంచి నంద్యాలకో, అనంతపురానికో బస్సులో పోతుంటే గంటల తరబడి కనిపించే ఎర్రనేలలు, నల్లరేగళ్లు, గుండ్రాళ్ల గుట్టలు, ఎవరూ దున్నని బీళ్లు మాత్రం ఎవరికీ గుర్తుకు రావు. అక్కడ ఏముంటుందిలే అనుకుంటాం. ఏడాది పొడుగునా ఒకే మెట్టపొలానికి వెళ్లి చూస్తే ఆ మాట మళ్లీ అనలేం. మన దేశంలో అన్నిటికంటే ఎక్కువ ఆపదలో ఉన్న పక్షుల్లో కొన్ని ఇలాంటి నేలల్నే నమ్ముకుని బతికాయి.

కార్తెల లెక్కన చూద్దాం. రైతు ఏ కార్తెలో ఏం చేస్తాడో దాన్నిబట్టే ఈ పక్షుల కాలమూ నడుస్తుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మే నెలాఖరు మధ్యాహ్నం గాలి వేడి 42 డిగ్రీలుంటే, ఎండ నేరుగా తగిలే నేల పైపొర 50 డిగ్రీలు దాటుతుంది. సరిగ్గా ఆ నేల మీద, పక్కన చిన్న చెట్టు నీడ కూడా లేనిచోట, పసుపు బుగ్గల తీతువు గుడ్లు పొదుగుతూ ఉంటుంది. చెరువు గట్ల మీద గోలగోలగా అరిచే ఎర్ర బుగ్గల తీతువు మనకు బాగా తెలుసు. దాని చుట్టమే ఇది. నీటి పక్కన కాకుండా ఎండిన బోడి నేలల్ని ఎంచుకుంటుంది. నెత్తి నల్లగా, ఒళ్లు మట్టిరంగులో, ముక్కు మొదట్లో పసుపుపచ్చటి తోలు మడతతో ఉంటుంది.

గూడు అనడానికి అక్కడ పెద్దగా ఏమీ ఉండదు. కాలితో గీకిన లోతులేని గుంట, అంచున కొన్ని గులకరాళ్లు. అందులో నాలుగు గుడ్లు, సన్నటి కొనలు నాలుగూ లోపలికి తిరిగి ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. అలా సర్దితేనే తల్లి పొట్ట కిందికి నాలుగూ పడతాయి. గుడ్ల రంగు అచ్చం ఆ పొలం మట్టి రంగు, దాని మీద నల్లటి మచ్చలు. రెండడుగుల దూరంలో నిలబడి, ఇక్కడే ఉన్నాయని తెలిసి కూడా కళ్లు వెతుక్కోవాల్సిందే. తొక్కేస్తామేమో అని అడుగు తీసి అడుగు వేయడానికి భయపడే పరిస్థితి.

గుడ్లు పొదగడం అంటే వెచ్చగా ఉంచడం అనుకుంటాం కదా. ఈ ఎండలో తల్లిదండ్రులకు పడేది దానికి పూర్తిగా వ్యతిరేకమైన కష్టం. గుడ్డులోని పిండానికి 37 డిగ్రీల చుట్టుపక్కల వేడి సరిపోతుంది. 42 దాటి అలాగే కొనసాగితే ప్రాణం దక్కదు. అందుకే మిట్టమధ్యాహ్నం ఈ పక్షి గుడ్ల మీద కూర్చోదు, వాటిపైన నిలబడి రెక్కలు కాస్త దించి నీడ పడుతుంది. ముక్కు తెరిచి రొప్పుతూ ఉంటుంది. ఇంకా వేడెక్కితే జంటలో ఒకటి దగ్గర్లోని నీటి గుంటకు పోయి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి, ఆ తడితో గుడ్లను చల్లబరుస్తుంది. దాదాపు నాలుగు వారాలు ఈ కాపలా సాగాలి. పిల్లలు పుట్టిన కొన్ని గంటలకే లేచి నడుస్తాయి. తల్లి అరిచిందంటే ఎక్కడున్నవి అక్కడే నేలకు కరుచుకుపోతాయి.

మరి ఇంత కష్టకాలంలోనే ఎందుకు పిల్లల్ని పెట్టడం? నేల బోడిగా ఉండటమే దీనికి రక్షణ. కుక్కో నక్కో వస్తుంటే దూరం నుంచే కనిపిస్తుంది, గూడు వదిలి చల్లగా పక్కకు నడిచిపోవచ్చు. వానలు పడి గడ్డి లేచాక ఆ వెసులుబాటు ఉండదు. పైగా తొలకరి చినుకులు పడేసరికి పిల్లలకు కావలసినన్ని పురుగులు. తీతువు అరిస్తే ఎవరో పోతారని పల్లెల్లో ఒక భయం ఉంది. నేల మీద గూడు పెట్టుకుని, రాత్రి కూడా మెలకువగా తిరిగే పక్షి, దగ్గరికి ఏది వచ్చినా అరవకుండా ఎలా ఉంటుంది? ఆ అరుపు దాని పిల్లల కోసం. మన చావుబతుకులతో దానికి పని లేదు.

ఇదే ఎండల్లో ఉదయం పూట నీటి కుంట దగ్గర కాచుకుంటే శాండ్‌గ్రౌస్ జంటలు దిగుతాయి. పావురమంత పక్షి, పొట్ట ముదురు గోధుమ రంగు, గురిపెట్టినట్టు సూటిగా ఎగురుతుంది. తినేది ఎండు గింజలు కాబట్టి రోజూ నీళ్లు తాగక తప్పదు. ఇంకా ఎగరలేని పిల్లలకు నీళ్లు మోసుకుపోయేది తండ్రి, అదీ పొట్ట ఈకల్లో. ఈ ఈకల నూగు పొడిగా ఉన్నప్పుడు సన్నటి చుట్టలుగా ముడుచుకుని ఉంటుంది. తడి తగలగానే విచ్చుకుని నీటిని పట్టుకుంటుంది. ఆఫ్రికా ఎడారుల్లోని నమాక్వా శాండ్‌గ్రౌస్ మీద 1967లో చేసిన పరిశోధన ఈ సంగతి తేల్చింది. 2023లో అమెరికా ఇంజనీర్లు అదే ఈకను బలమైన మైక్రోస్కోపుల కింద పెట్టి దాని నిర్మాణాన్ని ఇంకా దగ్గరగా చూశారు. మగపక్షి ఒక విడతకు దాదాపు 25 మిల్లీలీటర్ల నీటిని అలా మోయగలదు. పిల్లలు తండ్రి పొట్ట కిందికి దూరి ఈకల్ని చప్పరించి దాహం తీర్చుకుంటాయి. మన రాయలసీమలో కనిపించే గోధుమ పొట్ట శాండ్‌గ్రౌస్‌దీ ఇదే పద్ధతి. కుంట అంచున మగపక్షి నీళ్లలో పొట్ట ఆనించి అటూ ఇటూ ఊగుతూ కనిపిస్తే, దగ్గర్లో ఎక్కడో పిల్లలున్నాయని అర్థం. అప్పుడు దాని వెంటపడకుండా ఉండటమే మనం చేయగల సాయం.

మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడ్డాయంటే పొలంలో రూపమే వేరు. ఏరువాక సాగగానే నాగలి వెనక, ఇప్పుడైతే ట్రాక్టర్ వెనక, పశువుల కొంగలు వరుసగా నడుస్తాయి. తెల్లగా ఉండే వాటి తల, మెడ ఈ కాలంలో నారింజ రంగుకు తిరుగుతాయి. పసుల పోలిగాడు గేదె వీపు మీద కూర్చుని, దాని కాళ్ల కింద నుంచి లేచే మిడతల్ని గాల్లోనే పట్టేస్తుంది. ఆరుద్రలో ఎర్రటి ముఖమల్ పురుగులు బయటికొచ్చే వేళకు బీడులో గడ్డి పచ్చబడుతుంది, గోధుమరంగు లార్క్ పిట్టలు పాట మొదలుపెడతాయి. వీటిలో ఒకటి, బూడిద నెత్తి, నల్లటి పొట్ట ఉన్న మగపిట్ట, రెక్కలాడిస్తూ నిటారుగా పైకెగసి, ఈల వేస్తూ రాయి పడ్డట్టు కిందికి దూకి, నేలకు తగిలేలోపు మళ్లీ లేస్తుంది. చెట్టు లేని చోట పాట వినిపించాలంటే ఆకాశమే కొమ్మ కావాలి.

దిగుడుబావి మీదికి వంగిన తుమ్మకొమ్మలకు గిజిగాళ్ల గూళ్లు వేలాడేదీ అప్పుడే. ఒక్కో గూటికి మగపిట్ట గడ్డిపోచల కోసం ఐదొందల సార్ల దాకా తిరుగుతుంది. సగం అల్లాక ఆగి, ఆడపిట్ట వచ్చి చూసి ఒప్పుకుంటేనే మిగతాది పూర్తి చేస్తుంది. గూళ్లు ఎక్కువగా చెట్టుకు తూర్పు వైపునే ఉంటాయి. నైరుతి గాలి కొట్టే దిక్కు అది కాదు కదా.

ఒకప్పుడు ఈ వానల్లో నందికొట్కూరు ప్రాంతపు గడ్డిబీళ్లలో నేలనెమలి గెంతులు వేసేది. అరకిలో బరువున్న పక్షి. మగది మోకాలెత్తు గడ్డిలోంచి ఒకటిన్నర, రెండు మీటర్ల ఎత్తుకు ఎగిరి, రెక్కలు టపటపా కొట్టి, మళ్లీ గడ్డిలోకి పడిపోతుంది. రోజులో కొన్ని వందల సార్లు అదే పని, ఎక్కడో గడ్డిలో ఉన్న ఆడపక్షికి తను కనపడాలని. ఆ బీళ్లలోనే బట్టమేక పక్షి కూడా ఉండేది. మీటరు ఎత్తు, మగది 15 కిలోల దాకా బరువు, ఎగిరే పక్షుల్లో అత్యంత బరువైన వాటిలో ఒకటి. ఏడాదికి సాధారణంగా ఒకే ఒక్క గుడ్డు, అదీ నేల మీదే. ఈ రెండింటి కోసమే 1988లో రోళ్లపాడు అభయారణ్యం ఏర్పాటు చేశారు. 614 హెక్టార్లు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు అక్కడ ఏళ్ల తరబడి పనిచేశారు. ఈరోజు దేశం మొత్తం మీద బీళ్లలో స్వేచ్ఛగా మిగిలిన బట్టమేకలు 150 లోపే, దాదాపు అన్నీ రాజస్థాన్‌లో. రోళ్లపాడులో బోర్డు మీద బొమ్మ ఉంది, పక్షి లేదు. ఇది రాస్తుంటే బాధగానే ఉంది.

అలాగని రోళ్లపాడు ఖాళీ అయిపోలేదు. కృష్ణజింకలున్నాయి. చలికాలంలో అక్కడికి వచ్చే పిల్లిగద్దల కోసమైనా ఒకసారి వెళ్లాలి.

దసరా వేళకు, పాలపిట్ట కోసం జనం పొలాల వైపు చూసే రోజుల్లో, ఈ పిల్లిగద్దలు మధ్య ఆసియా గడ్డిమైదానాల నుంచి దిగడం మొదలవుతుంది. ఉపగ్రహ ట్యాగులు కట్టి వదిలిన పిల్లిగద్దలు వేసవికి కజకిస్తాన్ దాకా తిరిగి వెళ్లినట్టు మన దేశపు పరిశోధకులే చూశారు. మామూలు గద్దలా ఇది పైన సుడులు తిరగదు. పంట మీద నాలుగైదు అడుగుల ఎత్తులో, రెక్కల్ని కాస్త పైకెత్తి పట్టుకుని, మెల్లగా, గట్టు వెంబడి గట్టు వెతుక్కుంటూ పోతుంది. మగది లేత బూడిద రంగు, రెక్కల కొనలు నలుపు. ఆడది గోధుమ రంగు, తోక మొదట్లో తెల్లటి పట్టీ. బైనాక్యులర్‌లో ముఖం చూడండి. గుడ్లగూబకు ఉన్నట్టే చుట్టూ ఈకల వలయం ఉంటుంది. గడ్డిలో మిడత కదిలిన చప్పుడును చెవులకు చేర్చేది ఆ వలయమే. అంత నెమ్మదిగా, అంత కిందుగా ఎగరడం ఎందుకో దాంతో తెలిసిపోతుంది.

సాయంత్రం ఆరు కాకముందే ఇవి ఒక్కొక్కటిగా బీడులోకి చేరతాయి. చెట్టెక్కవు, నేల మీదే, గడ్డి మధ్య పడుకుంటాయి. పగలు ఎవరి దారిన వాళ్లు కిలోమీటర్ల కొద్దీ పొలాలు తిరిగి, రాత్రికి అన్నీ ఒకేచోట. తెల్లారి అవి లేచిపోయాక ఆ గడ్డిలో వెతికితే బొటనవేలంత ఉండలు దొరుకుతాయి. తిన్నదాంట్లో అరగని భాగాన్ని ఉండచుట్టి కక్కేస్తాయన్నమాట. ఒక ఉండను నీళ్లలో నానబెట్టి సూదితో విడదీస్తే మిడత కాళ్ల ముక్కలు, దవడలు, ఎప్పుడైనా లార్క్ పిట్ట ఈక, ఎలుక వెంట్రుకలు బయటపడతాయి. దవడలు గట్టివి, అరగవు. రెండు దవడలకు ఒక మిడత చొప్పున లెక్కేస్తే రాత్రికి ముందు ఆ గద్ద ఏం తిందో చెప్పొచ్చు. మన దేశంలో ఇలా ఉండలు విప్పి చూసిన చోట్ల మిడతలదే పెద్ద వాటా. రైతు జొన్నకు, శనగకు, పత్తికి పురుగుమందు కొట్టి తగ్గించుకోవాలనుకునే మిడతల్ని, వేల కిలోమీటర్లు దాటి వచ్చిన అతిథి కూలి అడక్కుండా ఏరేస్తోంది.

ఈ వ్యాసంలో నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. పిల్లిగద్ద పడుకునేది బీడులో, తినేది పొలంలో. తీతువుకు గుడ్లు పెట్టడానికి దున్నకుండా వదిలిన చెక్క కావాలి, పిల్లల్ని మేపడానికి తొలకరి దుక్కి కావాలి. జొన్న కంకి పాలుపోసుకునే వేళకు మబ్బులా వచ్చి వాలే గులాబీ గోరువంకలు గింజలూ తింటాయి, పురుగులూ తింటాయి. సాగు, బీడు రెండూ పక్కపక్కన ఉంటేనే ఈ ఏడాది చక్రం తిరుగుతుంది. కంచె వేసి 614 హెక్టార్ల గడ్డిని కాపాడి, చుట్టూ ఉన్న మెట్టలో కాలువ నీళ్లొచ్చి పంటలన్నీ మారిపోతే, కంచె లోపలి గడ్డి ఒక్కటే ఏం చేస్తుంది?

కాలువ నీళ్లు వద్దని ఏ రైతుతోనూ అనలేం, అనకూడదు కూడా. నా అభ్యంతరం బీడును పనికిరాని భూమిగా లెక్కగట్టడం మీద. అడవి నరకాలంటే సవాలక్ష అనుమతులు. గడ్డిభూమి అయితే కాగితం మీద బంజరు, ఎవరు ఏది కట్టినా అడిగేవాళ్లు లేరు. కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు 1000 మెగావాట్లది, దాదాపు 5,900 ఎకరాల్లో ఉంది. సౌర విద్యుత్తు కావాల్సిందే. కానీ ఇలాంటివి ఎక్కడ కట్టాలో నిర్ణయించే ముందు ఆ నేల మీద ఏ కాలంలో ఏ పక్షి ఉంటోందో ఒక ఏడాది చూడటం పెద్ద ఖర్చేమీ కాదు.

2023లో వచ్చిన దేశవ్యాప్త పక్షుల నివేదిక దాదాపు 30 వేల మంది మామూలు పక్షిప్రేమికులు నమోదు చేసిన 3 కోట్ల పరిశీలనల మీద ఆధారపడింది. గడ్డిభూముల్నే నమ్ముకున్న పక్షులు సగానికి పైగా తగ్గాయని అది చెప్పింది. మన పాలపిట్ట స్థితిని కూడా మళ్లీ అంచనా వేయాలని సూచించింది. ఈ లెక్కల్లోకి మెట్ట జాబితాలు ఇంకా చాలా రావాలి. చేయాల్సింది తేలికే: ఊరి పక్కన ఒక దారి ఎంచుకుని, నెలకోసారి, పొద్దున్నే అదే దారిలో నడిచి, కనిపించినవీ వినిపించినవీ అన్నీ ఫోన్‌లో ఈబర్డ్ అనే పక్షుల జాబితాల యాప్‌లో నమోదు చేయడం. కౌజుపిట్ట కూతా, కాకి కూడా రాయాలి. ఏమీ కనపడని రోజున ఆ సంగతీ రాయాలి, ఎందుకంటే తగ్గుదల తెలిసేది అక్కడే. మే, జూన్ నెలల్లో నడిచేటప్పుడు తీతువు మీదమీదకొచ్చి అరిస్తే వచ్చిన దారినే వెనక్కి వెళ్లండి. గుడ్లు కనిపిస్తే ఫొటో కోసం ఆగొద్దు, మీరు నిలబడినంతసేపూ అవి ఎండలో ఉడుకుతాయి. దుక్కి మొదలవబోతుంటే మాత్రం గూటికి రెండు బారల దూరంలో ఒక కట్టె పాతి, ట్రాక్టర్ తోలే అతనికి చెప్పండి. అక్కడికి రాగానే నాగలి ఎత్తి నాలుగడుగులు దాటించి మళ్లీ దించడానికి అతనికి పట్టేది క్షణమే.