సమాధి రాయి మీద యాసిడ్ పోయకండి: అపోహలు - వాస్తవాలు

నవంబరు 2, సమాధుల పండుగ దగ్గర పడుతోందంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. చెన్నైలో కీల్పాక్, కాశిమేడు లాంటి పాత సమాధుల తోటలకు పూలు, కొవ్వొత్తులతో పాటు యాసిడ్ సీసాలు కూడా వస్తాయి. పాత సమాధుల రాతిపని, సున్నపు పని చేసేవాణ్ణి కాబట్టి పండుగ అయ్యాక ఫోన్లన్నీ నాకే.

అపోహ: యాసిడ్ పోసి తోమితే పాత రాయి కొత్తదవుతుంది.

కాదు. పాలరాయి మీద బాత్‌రూమ్ యాసిడ్ పడగానే నురగ వస్తుంది. మురికి పొంగుతోందని అందరూ సంబరపడతారు. పొంగేది రాయే. పాలరాయి అంటే కాల్షియం కార్బొనేట్, యాసిడ్‌లో కరిగిపోతుంది. ఆ రోజుకి తెల్లగా కనిపిస్తుంది, నిజమే. కానీ పైనున్న నునుపు పోయి రాయి గరుకెక్కుతుంది. గరుకు రాతికి పాచి ఇంకా తొందరగా పడుతుంది. మరుసటి ఏడు మళ్లీ యాసిడ్. అలా అలా అక్షరాల అంచులు కరిగిపోతాయి. సీసం పోసిన అక్షరాలైతే పట్టు వదిలి రాలిపోతాయి.

పెరంబూరు నుంచి ఒక పెద్దావిడ పిలిపించారు. రైల్వేలో పనిచేసిన వాళ్ల మామగారి సమాధి. "రాయి నల్లబడితే మేం పట్టించుకోలేదని నలుగురూ అనుకుంటారు బాబూ" అన్నారు, కళ్లనీళ్లతో. "అమ్మా, అది పాచి. ఈశాన్య రుతుపవనాల వానలకి ఈ ఊళ్లో ఏ రాయికైనా పడుతుంది. మీ తప్పు కాదు" అని చెప్పాను. అప్పటికే పుట్టిన సంవత్సరం పోయింది. వేలితో తడిమితే 18 వరకే తగిలింది. సాయంత్రం దాకా ఆగి, టార్చి లైటును రాయి పక్కనుంచి ఏటవాలుగా వేస్తే గాట్లలో నీడ పడి 7 కనిపించింది. చివరి అంకె చర్చి రిజిస్టర్‌లో దొరికింది. చదవడానికి సుద్దముక్క, పిండి రుద్దేవాళ్లు కూడా ఈ టార్చి పద్ధతి పాటించండి.

శుభ్రం చేయాలంటే మంచినీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. ముందు రాయంతా తడిపి, కింది నుంచి పైకి తోమండి. ఇనప బ్రష్ అసలు వద్దు. వేలితో తట్టితే డొల్లగా మోగే రాయిని ముట్టుకోకండి.

అపోహ: బీటలకు సిమెంట్ పూస్తే గట్టిపడుతుంది.

గానుగ సున్నంతో కట్టిన ఇటుక సమాధి లోపలి తేమను మెల్లగా బయటికి వదులుతుంది. సిమెంట్ ఆ దారి మూసేస్తుంది. తేమతో పాటు ఉప్పు లోపలే పేరుకుంటుంది. ఆ సిమెంట్ పెచ్చు ఊడేటప్పుడు ఇటుకల పైభాగాన్ని కూడా పట్టుకుపోతుంది. సున్నపు గోడకి సున్నమే వాడాలి.

అపోహ: పలక ఎక్కడుంటే సమాధి అక్కడే.

సెయింట్ జార్జ్ కోటలో సెయింట్ మేరీస్ చర్చి చుట్టూ పరిచిన పాత పలకలు చూసి చాలామంది అలాగే అనుకుంటారు. అసలు సమాధులు హైకోర్టు పక్కనున్న పాత లా కాలేజీ భవనం వైపు ఉండేవి. 1758-59 మద్రాసు ముట్టడిలో ఫ్రెంచివాళ్లు వాటిని మాటుగా వాడుకున్నారు. దాంతో తర్వాత ఇంగ్లీషువాళ్లు ఆ కట్టడాలను పడగొట్టి, పలకల్ని చర్చి ఆవరణకు తెచ్చారు. పూర్వీకుల కోసం వెతికేవాళ్లు రాయి ఒక్కటే చూసి తేల్చేయకండి, ఖనన రిజిస్టర్ కూడా అడగండి.

ఇక దయ్యాలు, గాలి సోకడం అంటారా? వట్టి పుకార్లు. చూసుకోవాల్సింది పగిలిన పలకల్ని, పొదల్లో పాముల్ని. సమాధుల తోట ఆఫీసులో చెప్పి, బూట్లు వేసుకుని, వెలుతురుండగా వెళ్లిరండి.