సముద్రపు పాయ అడుగు బురదలో పాతకాలపు వాతావరణం: అపోహలు - వాస్తవాలు

కెనడా పశ్చిమ తీరంలో, వాంకూవర్ దీవిని ఆనుకుని సానిచ్ ఇన్‌లెట్ అనే ఇరుకైన సముద్రపు పాయ ఉంది. 1996లో ఓషన్ డ్రిల్లింగ్ ప్రోగ్రామ్ అనే అంతర్జాతీయ పరిశోధన కార్యక్రమం అక్కడ రెండు చోట్ల (సైట్ 1033, 1034) లోతైన బురద కోర్లు, అంటే గొట్టం దింపి పొరలు చెదరకుండా తీసే పొడవాటి నమూనాలు, తీసింది. పాతకాలపు వానలు, వాతావరణం ఎలా ఉండేవో ఈ పొరల నుంచి అంచనా వేస్తారు. ఈ పని గురించి తరచూ వినిపించే మాటలు, అసలు సంగతులు ఇవి.

అపోహ: ఏ తీరంలో బురద తీసినా ఏటేటి చరిత్ర దొరుకుతుంది.

సానిచ్ లోతు 230 మీటర్ల దాకా ఉంటుంది. ముఖద్వారంలో మాత్రం అడుగున ఒక గట్టు ఉంది, దాని మీద నీరు సుమారు 70 మీటర్లే. బయటి తాజా నీరు ఆ గట్టు దాటి అడుక్కి చేరడం కష్టం. అందుకే ఏడాదిలో ఎక్కువ కాలం అక్కడ ఆక్సిజన్ ఉండదు. బురదను కెలికే పురుగులు బతకవు కాబట్టి పొరలు పడినవి పడినట్టే ఉంటాయి. మన పులికాట్ లాంటి లోతు తక్కువ సరస్సులో గాలికే అడుగు కదిలిపోతుంది.

అపోహ: ఒక లేత పొర, ఒక ముదురు పొర కలిస్తే ఏడాది. లెక్కపెడితే చాలు.

ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. వసంతం, వేసవిలో డయాటమ్‌ల (కంటికి కనిపించని నీటి నాచు జీవుల) గుల్లలు లేత పొరగా పడతాయి. శీతాకాలపు వానలకు కొట్టుకొచ్చిన ఒండ్రు ముదురు పొర అవుతుంది. కానీ డయాటమ్‌లు ఒకే ఏడాది రెండుసార్లు విపరీతంగా పెరిగితే రెండు లేత పొరలు రావచ్చు. మామూలు గ్రావిటీ కోరర్ (సొంత బరువుతో బురదలో దిగే గొట్టం) దిగేటప్పుడు పైనున్న మెత్తటి బురదను పక్కకు నెట్టేస్తుంది. అప్పుడు లెక్క మొదలయ్యే సంవత్సరమే తప్పు. అందుకే పై భాగానికి ఫ్రీజ్ కోరర్ వాడాలి: బోలు లోహపు పెట్టెలో డ్రై ఐస్, ఆల్కహాల్ నింపి దింపితే, బురద దాని ముఖానికి పొరలతో సహా గడ్డకట్టి వస్తుంది. లోతైన కోర్‌ను పైకి తెచ్చేసరికి అందులోని వాయువు వ్యాకోచించి బురద చీలుతుంది. ఆ ఖాళీలను పొడవులోంచి తీసేయాలి. కోర్ చీల్చగానే ఫొటో తీయాలి, గాలి తగిలితే నల్లటి సల్ఫైడ్ గోధుమ రంగుకు తిరుగుతుంది. ఎక్స్‌రే మీద ఇద్దరు విడివిడిగా లెక్కపెట్టి, అణుబాంబు పరీక్షల వల్ల 1963లో అత్యధికంగా పడిన సీసియం-137 గుర్తుతోనూ, సహజంగా ఉండే రేడియోధార్మిక సీసం లెడ్-210తోనూ (22.3 ఏళ్లకు సగం అవుతుంది) సరిచూసుకోవాలి. లెడ్-210 సుమారు 150 ఏళ్లకు మించి పనికిరాదు.

అపోహ: అంతకంటే పాతవాటికి రేడియోకార్బన్ తేదీ (జీవ అవశేషంలో మిగిలిన కార్బన్-14ను బట్టి కట్టే వయసు) ఉంటే ఇక అనుమానం లేదు.

ఆ తీరపు సముద్రజలంలో పాత కార్బన్ ఉంటుంది, అందుకే అందులో పెరిగిన ఆల్చిప్పల వంటి జీవుల గుల్ల వయసు సుమారు 800 ఏళ్లు ఎక్కువగా కనిపిస్తుంది. అదే పొరలో నేల మీది చెట్ల కొమ్మో ఆకో దొరికితే, గుల్లనూ దాన్నీ రెండింటినీ కొలిచి తేడా చూడండి. దాదాపు 7,600 ఏళ్ల నాటి మజామా (ఇప్పటి అమెరికాలోని ఒరెగాన్‌లో ఉండేది) అగ్నిపర్వత బూడిద పొర ఇక్కడ అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు.

అపోహ: పొర మందంగా ఉంటే ఆ ఏడు వాన ఎక్కువ.

చారలు లేని మందపాటి పొర వాలు మీంచి జారిన బురద కావచ్చు, భూకంపం వల్లా జారవచ్చు. దాన్ని వానల ఖాతాలో వేయకూడదు. పైగా లోతుకు పోయేకొద్దీ బరువుకు నీరు పిండుకుపోయి పొర సన్నబడుతుంది. కాబట్టి మందం బదులు ఎండు బరువు చూడాలి, ఉప్పును మరవకుండా. 100 గ్రాముల తడి బురద ఎండి 20 గ్రాములు మిగిలిందనుకోండి. పోయిన 80 గ్రాముల నీరు లీటరుకు 31 గ్రాముల ఉప్పున్నదైతే, ఆ 20లో దాదాపు 2.5 గ్రాములు ఉప్పే. అది తీసేయకపోతే బురద బరువు ఎక్కువగా, అందులోని కార్బన్ శాతం తక్కువగా తేలుతుంది.