కుండీలో క్యారెట్: అపోహలు - వాస్తవాలు

మిద్దె తోటలవాళ్లకు సలహాలిచ్చే పని నాది. చలికాలం పంటల్లో ఎక్కువ ప్రశ్నలు వచ్చేది క్యారెట్ మీదే. ఆకు గుబురుగా ఉంది, పీకితే వేరు చిటికెన వేలంత లేదంటారు. తప్పు మాత్రం చాలావరకు మొదటి నెలలోనే జరిగిపోయి ఉంటుంది.

అపోహ: ముందు ట్రేలో నారు పోసి, తర్వాత కుండీలో నాటాలి.

టమాటా, వంగ, మిర్చికి సరే, క్యారెట్‌కు వద్దు. మనం తినేది తల్లివేరు. మొలిచిన తొలి వారాల్లోనే అది నిట్టనిలువుగా కిందికి దిగిపోతుంది, ఆ తర్వాత లావెక్కడమే దాని పని. నారు పీకేటప్పుడు కొస తెగినా, నాటేటప్పుడు మడతపడినా రెండు మూడు కాళ్లుగా చీలుతుంది. మొక్క బాగానే పెరుగుతుంది కాబట్టి తవ్వేదాకా సంగతి తెలీదు. విత్తనం ఎక్కడ వేశామో దుంప అక్కడే తీయాలి. ముల్లంగికీ ఇదే వర్తిస్తుంది.

అపోహ: ఎరువు ఎంత వేస్తే దుంప అంత ఊరుతుంది.

నత్రజని ఎక్కువైతే ఊరేది ఆకే. పచ్చి పేడ తగిలితే వేరు చీలుతుంది, పీచు వేర్లూ ఎక్కువవుతాయి. బాగా చివికిన పశువుల ఎరువు కొంచెం చాలు. అంతకంటే ముఖ్యం మట్టి గుల్లగా ఉండటం. ఎర్రమట్టి, ఇసుక, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కలిపి, రాళ్లు లేకుండా జల్లెడ పట్టండి. కుండీ లోతు 10-12 అంగుళాలుంటే చాలు, వెడల్పు ఎంతున్నా ఫర్వాలేదు. పెరట్లో నల్లరేగడి అయితే నేలలో వేయకండి, పైన చెప్పిన గుల్ల మట్టితో ఎత్తు మడి కట్టుకోండి.

అపోహ: వారంలో మొలవకపోతే విత్తనం పుచ్చినట్టే.

కొత్తిమీర కుటుంబమే ఇదీ, తొందరపడదు. వారం నుంచి మూడు వారాల దాకా పట్టొచ్చు. అర సెంటీమీటరు లోతులో వేసే విత్తనం కాబట్టి పైమట్టి ఒక్కపూట ఎండినా మొలక మాడిపోతుంది. తడి గోనెపట్టా కప్పి రోజూ ఎత్తి చూడండి, తొలి మొలక కనపడగానే తీసేయండి. రెండు మూడేళ్ల నాటి ప్యాకెట్ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

అపోహ: క్యారెట్ ఊటీలోనే పండుతుంది.

ఏడాది పొడుగునా పండేది అక్కడ. మన మైదానాల్లో చలికాలమంతా పండుతుంది. 15-20 డిగ్రీల్లో రంగు, ఆకారం బాగా వస్తాయి, ఎండలు ముదిరితే దుంప పాలిపోతుంది. హైదరాబాద్‌లో సెప్టెంబరు చివరి నుంచి, కోస్తాలో అక్టోబరు నుంచి విత్తుకోవచ్చు. కాస్త వేడి ఉన్నప్పుడు పూసా కేసర్, పూసా మేఘాలి వంటివి, చలి ముదిరాక నాంటెస్ రకం వేయండి.

అపోహ: మొలిచిన మొక్కను పీకేయడం పాపం.

గుంపుగా వదిలేస్తే ఒక్కటీ ఊరదు. రెండంగుళాలకు ఒకటి ఉంచి, మిగతావి కత్తెరతో మట్టి మట్టంలో కత్తిరించండి. పీకితే పక్కదాని వేరు కదులుతుంది.

అపోహ: పైభాగం పచ్చగా మారిన క్యారెట్ విషం.

అది బంగాళదుంప సంగతి. క్యారెట్ భుజం మట్టి పైకి తేలి ఎండ తగిలితే పచ్చబడుతుంది, కాస్త చేదు, అంతే. కోసి పారేసి మిగతాది వండుకోండి. అప్పుడప్పుడు మొదట్లోకి మట్టి ఎగదోస్తే ఆ బాధే ఉండదు.

అపోహ: క్యారెట్ తల నీళ్లలో పెడితే కొత్త క్యారెట్ వస్తుంది.

ఆకు వస్తుంది. మట్టిలో పెడితే పువ్వూ రావచ్చు. దుంప మాత్రం రాదు. పప్పులోకి ఆకు చాలనుకుంటే నిక్షేపంగా పెట్టుకోండి.