మెడల్స్ గురించి అడిగారుగా, ఇదిగో తాతయ్య ఉత్తరం

చిన్నూ, బుజ్జమ్మా,

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో నా ట్రంకు పెట్టె తీసి చూపిస్తుంటే "తాతయ్యా, అయిదు మెడల్స్ ఉన్నాయంటే అయిదు యుద్ధాలు గెలిచావా" అని అడిగాడు చూడు చిన్నూ, మీ అమ్మమ్మ పగలబడి నవ్వింది, నాకు మాత్రం ఏం చెప్పాలో వెంటనే తోచలేదు. ఫోన్‌లో మొదలుపెడితే మధ్యలోనే మీరు గేమ్ ఆడుకోడానికి లేచిపోతారు, అందుకే ఇలా టైప్ చేస్తున్నా. ఒకప్పుడు పల్టన్‌లో, అంటే మా ఆర్మీ దళంలో, టైప్‌రైటర్ మీద పొద్దస్తమానం కొట్టినవాణ్నే గానీ ఈ ఫోన్ మీద నా లావు వేళ్ళకి ఒక్క ముక్క తిన్నగా పడట్లేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి.

ముందు నా అయిదింటి సంగతి చెప్పేస్తా, గొప్పలేమీ లేవు. ఒకటి తొమ్మిదేళ్ళ సర్వీసు చేసినందుకు, ఇంకోటి ఇరవై ఏళ్ళు చేసినందుకు. ఇంకోటి 1997లో, స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్ళయిందని అప్పుడు యూనిఫాంలో ఉన్నవాళ్ళందరికీ ఇచ్చింది. మిగతా రెండూ హై ఆల్టిట్యూడ్ మెడలూ, సైన్య సేవా మెడలూ, అంటే కొండల మీదా బోర్డర్‌లోనూ ఇన్నాళ్ళు ఉన్నాడు వీడు అని చెప్పేవి. అంతే నాన్నా. నేను అక్కడ ఉన్నానని చెప్తాయి, ఏం చేశానన్నది వాటిలో లేదు.

మెడల్స్‌లో అసలు తేడా ఇక్కడే ఉంది. కొన్ని అక్కడ ఉన్నందుకు ఇస్తారు. 1965 యుద్ధానికి సమర సేవా స్టార్, 1971కి తూర్పు వైపు పూర్వీ స్టార్, పడమర వైపు పశ్చిమీ స్టార్, కార్గిల్‌కి ఆప్ (ఆపరేషన్) విజయ్ మెడల్, ఇవన్నీ ఆ లెక్కే. కొన్ని పరమ వీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర లాగా శత్రువు ఎదురుగా చూపించిన తెగువకి ఇచ్చేవి. శత్రువుతో యుద్ధంలో కాకుండా వేరేచోట, టెర్రరిస్టులతోనో ఇంకెక్కడో చూపిస్తే అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర. ఇంకో రకం విశిష్ట సేవా మెడల్స్, ఏళ్ళ తరబడి పెద్ద బాధ్యతలు బాగా మోసినందుకు. యుద్ధం టైంలో నాయకత్వానికి, ప్లానింగుకి వేరేగా ఉండాలని 1980లో యుద్ధ సేవా మెడల్స్ పెట్టారు. కాబట్టి టీవీలో ఎవరో జనరల్ గారి ఛాతీ మీద నాలుగు వరుసల రిబ్బన్లు (మెడల్‌కి బదులు పెట్టుకునే రంగు పట్టీలు) కనపడగానే "అబ్బో ఎంత ఫైటరో" అనుకోకండి, వాటిలో సగానికి పైగా నా బాపతువే అయ్యుంటాయి.

మరి ఎలా చదవాలి అంటారా, పై వరుసలో చొక్కా బటన్ల వైపున్న రిబ్బన్‌తో మొదలెట్టాలి, అన్నిటికంటే పెద్దది అక్కడే ఉంటుంది. సగం తెలుపు సగం కాషాయం ఉంటే మహావీర చక్ర, సగం ముదురు నీలం సగం కాషాయం ఉంటే వీర చక్ర, ఎర్ర రిబ్బన్ మధ్యలో తెల్ల గీత ఉంటే సేనా మెడల్. బంగారు రంగు మీద నీలం గీతలు కనపడితే విశిష్ట సేవ, ఇందులో ఒక తమాషా ఉంది, ఒక్క గీత ఉంటే పరమ, రెండుంటే అతి, మూడుంటే ఉత్త విశిష్ట సేవ, అంటే గీతలు తగ్గేకొద్దీ మెడల్ పెద్దదన్నమాట! బుజ్జమ్మా, నీ రిపోర్ట్ కార్డులో ర్యాంకులాగే.

ఒకటి మాత్రం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. రిబ్బన్లు పెట్టుకునే వరసలో పరమ విశిష్ట సేవా మెడల్ మహావీర చక్ర కంటే ముందుంటుంది, అతి విశిష్ట సేవ వీర చక్ర కంటే ముందు. ఇవి ఎక్కువగా పెద్ద పెద్ద ఆఫీసర్లకి సర్వీసు చివర్లో వచ్చేవి, అవేమో బుల్లెట్లకి ఎదురెళ్ళినవాళ్ళకి వచ్చేవి. పెద్దవాళ్ళు ఏదో ఆలోచించే పెట్టి ఉంటారు, నేను సుబేదార్‌గా దిగిపోయినవాణ్ని, నాకెందుకు. అయినా మింగుడు పడదు.

సరే, రెండు రకాలూ ఒకే ఛాతీ మీద నిజంగా సంపాదించుకున్న మనిషి ఒకాయన గురించి చెప్తా, జనరల్ జోరావర్ చంద్ బక్షీ, అందరూ జోరూ అనేవాళ్ళు. 1943లో బలూచ్ రెజిమెంట్‌లో ఆఫీసరయ్యాడు, బర్మాలో జపాన్ వాళ్ళతో పోరాడాడు, దేశం విడిపోయాక ఆయన పుట్టిన రావల్పిండి వైపు అంతా పాకిస్తాన్‌కి పోయింది, ఆయన గూర్ఖాల పల్టన్‌కి వచ్చేశాడు. 1948లో కాశ్మీర్‌లో వీర చక్ర. మరుసటేడు టిబెట్ లోపలికి వెళ్ళి దారులూ అవీ చూసొచ్చినందుకు మెక్‌గ్రెగర్ మెడల్, అది సాహసయాత్రలు చేసినవాళ్ళకి ఇచ్చేది.

అసలు కథ 1965 ఆగస్టులో. కాశ్మీర్‌లో ఉరీకీ పూంచ్‌కీ మధ్య హాజీ పీర్ అని కనుమ ఉంది, ఎనిమిదిన్నర వేల అడుగుల పైన, పాకిస్తాన్ నుంచి చొరబాటుదార్లు లోపలికి వచ్చే దారి అది. దాన్ని పట్టుకునే పని బ్రిగేడియర్ బక్షీ బ్రిగేడ్‌కి, అంటే కొన్ని పల్టన్లు కలిసిన దళానికి, పడింది. 1 పారా అనే పారాచూట్ పల్టన్‌కి చెందిన మేజర్ రంజిత్ సింగ్ దయాళ్ తన జవాన్లతో రాత్రంతా వానలో, జారిపోయే కొండ మీద ఎక్కాడు, వాళ్ళు దిగి మళ్ళీ ఎక్కాల్సిన ఆ వాగు పేరేంటో తెలుసా, హైదరాబాద్ నాలా! మన హైదరాబాద్‌కీ దానికీ ఏ సంబంధమూ లేదనుకో, కానీ ఆ పేరు మొదటిసారి చదివినప్పుడు నాకు భలే అనిపించింది. ఆగస్టు 28 పొద్దున కనుమ మన చేతికొచ్చింది. బక్షీకి మహావీర చక్ర, దయాళ్‌కీ మహావీర చక్ర. ఒకరు బ్రిగేడ్‌ని నడిపారు, ఒకరు ఆ వానలో ముందు నడిచారు, మెడల్ మాత్రం ఒకటే, అది నాకు చాలా నచ్చింది. తర్వాత పాకిస్తాన్‌తో చేసుకున్న తాష్కెంట్ ఒప్పందంలో ఆ కనుమని తిరిగి ఇచ్చేశారు, అది వేరే కథ, మీ నాన్నని అడిగితే గంటసేపు వాదిస్తాడు. 1971లో బక్షీ ఒక డివిజన్‌ని నడిపాడు, చివరికి పరమ విశిష్ట సేవా మెడల్ కూడా వచ్చింది. ఆయన రిబ్బన్లు చదివితే లెఫ్టినెంట్ నుంచి లెఫ్టినెంట్ జనరల్ దాకా ఒక మనిషి జీవితం వరసగా కనపడుతుంది.

మానెక్‌షా గారిది ఇంకో రకం. 1971 యుద్ధం గెలిపించిన ఆర్మీ చీఫ్, ఫీల్డ్ మార్షల్, అయినా ఆయనకున్న తెగువ మెడల్ ఒక్కటే, అదీ కుర్రతనంలో వచ్చిందే. 1942 ఫిబ్రవరి, బర్మాలో సిత్తాంగ్ నది దగ్గర ఆయన కెప్టెన్, మెషిన్ గన్ గుళ్ళు పొట్టలో దిగాయి. డివిజన్ జనరల్ కోవన్ చూశాడు, ఈ కుర్రాడు బతకడు అనుకున్నాడు, చచ్చిపోయాక మిలిటరీ క్రాస్ (బ్రిటిష్ వాళ్ళ తెగువ మెడల్) ఇవ్వడానికి అప్పటి రూల్స్ ఒప్పుకోవు, అందుకని తన ఛాతీ మీదున్న మిలిటరీ క్రాస్ రిబ్బన్ ఊడదీసి అక్కడికక్కడే ఆయనకి పెట్టేశాడు. సిపాయి షేర్ సింగ్ ఆయన్ని మోసుకెళ్ళి డాక్టర్ దగ్గర పడేశాడు. ఏమైందని డాక్టర్ అడిగితే మానెక్‌షా "కంచరగాడిద తన్నింది" అన్నాడని మా పల్టన్లలో చెప్పుకుని చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం. ఆ షేర్ సింగే లేకపోతే ఫీల్డ్ మార్షలే లేడు కదా.

ఇక అసలు మెడల్ ఎలా వస్తుందో చెప్పాలి, ఇది నా డిపార్ట్‌మెంటు. నేను చేసింది క్లర్కు పని, సైటేషన్లు, అంటే మెడల్ ఎందుకివ్వాలో రాసే కాగితాలు, టైప్ చేసేది మేమే. ఎవడైనా గొప్ప పని చేస్తే కంపెనీ కమాండర్ సీవో సాబ్‌కి, అంటే పల్టన్ మొత్తానికి పెద్దయిన కమాండింగ్ ఆఫీసర్‌కి, చెప్తాడు, కళ్ళారా చూసినవాళ్ళ దగ్గర స్టేట్‌మెంట్లు తీసుకుంటారు, ఏ తేదీ, ఏ చోటు, ఏం చేశాడు, దానివల్ల ఏమైంది, మొత్తం ఒక పేజీలోకి కుదించాలి. మనిషి ప్రాణం మీదకి తెచ్చుకున్న రాత్రిని ఒక పేజీలోకి! అది బ్రిగేడ్, డివిజన్, కోర్, కమాండ్ అని మెట్టు మెట్టూ ఎక్కుతూ ఢిల్లీ పోతుంది, ప్రతి మెట్టు దగ్గరా ఎవరో ఒకరు ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చుంటారు, ఆ తర్వాత జనవరి 26కో ఆగస్టు 15కో లిస్టు వస్తుంది.

ఒకసారి ఇలాగే ఒక శ్రీకాకుళం కుర్రాడి గురించి టైప్ చేశా. పేరు, పల్టన్ వద్దులే. ఫోన్ లైన్ షెల్లింగ్‌లో తెగిపోతే ఆ రాత్రి మూడుసార్లు పోయి వైరు కట్టొచ్చాడు, మూడోసారి వెంట వెళ్ళినవాడు తిరిగి రాలేదు. కాగితం పైకి పోయింది, చూసిన సాక్షి చాలడని వెనక్కి వచ్చింది. చూసినవాడే కదా పోయింది! నేను చాలాసేపు ఆ కాగితం చేతిలో పట్టుకుని కూర్చున్నా. సాయంత్రం లంగర్ (మా వంటశాల) వెనక్కి ఆ కుర్రాడే వచ్చాడు, చేతిలో రెండు మగ్గుల చాయ్, "సార్, మెడల్ పోతే పోయింది గానీ అందులో నా గురించి ఏం రాశారో ఒక్కసారి చదవండి" అన్నాడు. ఇంగ్లీషులో ఉందిరా అన్నా. తెలుగులో చెప్పండి అన్నాడు. అది కాన్ఫిడెన్షియల్ కాగితం, చదవకూడదు, చదివా. ఒక్కో లైను తెలుగు చేసి చెప్తుంటే చాయ్ తాగకుండా అలాగే పట్టుకుని విన్నాడు, చివర్లో మాత్రం "రెండోసారి కాదు సార్, మొదటిసారే ఎక్కువ భయమేసింది" అన్నాడు. ఇప్పుడు కిరాణా కొట్టు పెట్టుకున్నాడు, ఫోన్ చేస్తే పిల్లల చదువుల గురించే మాట్లాడతాడు.

మన సూర్యాపేట కల్నల్ బిక్కుమళ్ళ సంతోష్ బాబు పేరు మీరు వినే ఉంటారు, బుజ్జమ్మ స్కూల్లో ఆయన ఫోటో పెట్టి ప్రోగ్రాం చేశారు కదా. మన కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివినవాడు, 16 బిహార్ పల్టన్‌కి సీవో. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో చైనా వాళ్ళతో రాళ్ళూ కర్రలతోనే కొట్లాట జరిగింది, మనవాళ్ళు ఇరవై మంది పోయారు, అందులో ఆయన ఒకరు. 2021 జనవరిలో మహావీర చక్ర ప్రకటించారు, అదే ఏడు నవంబర్‌లో రాష్ట్రపతి చేతుల మీదుగా ఆయన భార్య, అమ్మ తీసుకున్నారు. అందరూ అక్కడితో ఆపేస్తారు. నేనైతే లిస్టు కిందకీ చదువుతా, అలవాటు. అదే రాత్రికి ఇంకో అయిదుగురికి వీర చక్ర, ఒక నాయబ్ సుబేదార్, ఇద్దరు హవల్దార్లు, ఒక నాయక్, ఒక సిపాయి, అందులో బతికి వచ్చి తన చేత్తో అందుకున్నవాడు ఒక్కడే. సీవో సాబ్ ముందు నిలబడితే వెనక ఎవరెవరు నిలబడ్డారో ఆ లిస్టే చెప్తుంది.

అన్నట్టు చిన్నూ పరమ వీర చక్ర మీద ఆ నాలుగు బొమ్మలేంటని అడిగాడు. అవి ఇంద్రుడి వజ్రాయుధాలు నాన్నా, దధీచి మహర్షి వెన్నెముక ఇచ్చిన కథ అమ్మమ్మ చెప్పింది కదా, అదే. డిజైన్ చేసింది సావిత్రీ ఖనోల్కర్ గారు, యూరప్‌లో పుట్టి మన ఆర్మీ ఆఫీసర్‌ని చేసుకుని, మన పురాణాలు మనకంటే బాగా చదువుకున్నావిడ. వెండీ బంగారం కాదు, కంచు, ఊదారంగు రిబ్బన్. మొట్టమొదటి పరమ వీర చక్ర ఆవిడ కూతురి మరిదిగారికో బావగారికో, ఆ వరస నాకు సరిగా కుదరదు, అల్లుడిగారి అన్నదమ్ముడన్నమాట, మేజర్ సోమనాథ్ శర్మకి వచ్చింది. 1947 నవంబర్ 3న కాశ్మీర్‌లోని బద్గాంలో, ఎడమ చేతికి పట్టీతోనే వెళ్ళాడు, చెయ్యి విరిగినవాడు తుపాకీ పట్టుకోలేడు కదా, జవాన్ల మధ్య తిరుగుతూ మ్యాగజైన్లలో గుళ్ళు నింపి అందించాడు, అలా నింపుతుండగానే మోర్టార్ గుండు పడింది. ఇప్పటిదాకా పరమ వీర చక్ర వచ్చింది ఇరవై ఒక్కమందికే, అందులో పద్నాలుగు మంది పోయాక వచ్చినవే.

సరే, ఎండాకాలం సెలవులకి వచ్చినప్పుడు నా రిబ్బన్ బార్ చేతికిస్తా, బటన్ల వైపు ఏది ఉండాలో మీరే పేర్చండి చూద్దాం. ఒకటి గుర్తు పెట్టుకోండి, మెరవట్లేదని బ్రాసో (ఇత్తడి పాలిష్) మాత్రం రాయొద్దు, మీ అమ్మ చిన్నప్పుడు ఒకసారి రాస్తే రిబ్బన్ అంతా మరకలైపోయింది, తొమ్మిదేళ్ళ మెడల్‌కి ఇప్పటికీ ఆ మచ్చ ఉంది.

తాతయ్య