టెస్ట్ మెయిల్ వచ్చింది, రోజువారీ మెయిల్ రాదు: నెక్స్ట్‌క్లౌడ్ నోటిఫికేషన్లపై అపోహలు - వాస్తవాలు

సొంత సర్వర్‌పై నెక్స్ట్‌క్లౌడ్ (ఫైళ్లు దాచుకుని పంచుకునే సాఫ్ట్‌వేర్) పెట్టుకున్నవారికి సాయం చేయడం నా వృత్తి. నేను మళ్లీ మళ్లీ వినే ఫిర్యాదు ఒకటే: టెస్ట్ మెయిల్ బటన్ నొక్కగానే వచ్చిందట, ఫైళ్లలో జరిగిన మార్పులు తెలుపుతూ రోజుకొకసారి రావలసిన యాక్టివిటీ మెయిల్ మాత్రం వారం నుంచి జాడ లేదట. ఆ తరువాతి మాట కూడా నాకు కంఠతా వచ్చు. ఎవరో చెప్పారని మెయిల్ పంపే పోర్టును 587 నుంచి 465కు మార్చారు, పాస్‌వర్డ్ మార్చారు, చివరకు బాగా పనిచేస్తున్న అమరికను కూడా పాడుచేసుకున్నారు.

అపోహ: టెస్ట్ మెయిల్ చేరితే షెడ్యూలు మెయిళ్లూ చేరతాయి.

వాస్తవం: టెస్ట్ మెయిల్ వల్ల తేలేది ఎస్‌ఎమ్‌టిపి (మెయిల్ పంపే పద్ధతి) వివరాలు సరిగ్గా ఉన్నాయని మాత్రమే. మెయిల్ పంపగలగడం ఒక ఎత్తు, పంపే వేళయిందని సర్వర్‌ను తట్టి లేపడం మరొక ఎత్తు. కొత్తగా ఇన్‌స్టాల్ చేసినప్పుడు బ్యాక్‌గ్రౌండ్ జాబ్స్ (సర్వర్ తెర వెనుక చేసే పనులు) అజాక్స్ పద్ధతిలో ఉంటాయి. అంటే ఎవరైనా బ్రౌజర్‌లో పేజీ తెరిచినప్పుడు ఒక్కో జాబ్ చొప్పున నడుస్తుంది. అందరూ డెస్క్‌టాప్ సింక్ క్లయింట్‌తోనే పని కానిచ్చే చోట పేజీ తెరిచేవారే ఉండరు కనుక, పంపవలసిన మెయిళ్లు డేటాబేస్ క్యూలో అలాగే పడి ఉంటాయి. సెట్టింగులలో క్రాన్ (నిర్ణీత వేళకు పనులు నడిపే వ్యవస్థ) పద్ధతిని ఎంచుకొని, 5 నిమిషాలకొకసారి క్రాన్.పిహెచ్‌పి ఫైలు నడిచేలా సిస్టమ్ క్రాన్‌లో ఒక వరుస రాయడమే దీనికి మందు.

ఆ వరుసను ఏ యూజర్ కింద రాశామన్నదే అసలు మెలిక. ఒకసారి నేనే పొరపాటున రూట్ (సర్వర్‌పై సర్వాధికారాలున్న యూజర్) క్రాన్‌ట్యాబ్‌లో, అంటే క్రాన్ పనుల జాబితాలో, రాసి, పూటంతా మెయిల్ లాగ్‌లు తిరగేశాను. నెక్స్ట్‌క్లౌడ్ అమరికలుండే కాన్ఫిగ్.పిహెచ్‌పి ఫైలుకు యజమాని అయిన యూజర్, అంటే సాధారణంగా వెబ్ సర్వర్ యూజర్, నడిపితే తప్ప ఆ స్క్రిప్టు పని మొదలుపెట్టదు. అది ప్రతిసారీ తన మొర చెప్పుకుంటూనే ఉంది, కాకపోతే ఆ మొర రూట్ యూజర్ లోకల్ మెయిల్‌బాక్స్‌లో చేరింది; మెయిళ్లు ఎందుకు వెళ్లడం లేదో చెప్పే మెయిళ్లను నేను ఒక్కసారీ తెరవలేదు. అప్పటి నుంచి అడ్మిన్ సెట్టింగులలో చివరి జాబ్ ఎంతసేపటి కింద నడిచిందో చూపే వరుసను చూశాకే మిగతా వాటి జోలికి వెళుతున్నాను. అక్కడ గంటలు, రోజులు గడిచినట్లు కనిపిస్తే తప్పు మెయిల్‌ది కాదు. డాకర్‌లో (సాఫ్ట్‌వేర్‌ను కంటైనర్ అనే విడి పెట్టెలో నడిపే పద్ధతి) నడిపేవారు కూడా, ప్రధాన కంటైనర్ తనంతట తాను క్రాన్ నడపకపోవచ్చని గమనించి, అవసరమైతే దానికి వేరే ఏర్పాటు చేసుకోవాలి. క్రాన్ సరయ్యాక పాత క్యూ కదిలి మెయిళ్లు ఒక్కసారిగా వచ్చిపడవచ్చు కాబట్టి, వాడకందారులకు ముందే ఒక మాట చెప్పి ఉంచడం మేలు.

అపోహ: 5 నిమిషాల క్రాన్ పెడితే రోజుకు 288 మెయిళ్లు వస్తాయి.

వాస్తవం: రావు. మెయిల్ ఎప్పుడు వెళ్లాలన్నది ప్రతి వాడకందారు తన సెట్టింగులలో వెంటనే, గంటకు, రోజుకు, వారానికి అని ఎంచుకున్నదాన్ని బట్టి ఉంటుంది. క్రాన్ చేసేది వేళయిందా అని చూడడమే.

అపోహ: సర్వర్ సొంతమైతే మెయిల్ సర్వర్ కూడా సొంతంగా ఉండాలి.

వాస్తవం: అక్కర లేదు. చాలా హోస్టింగ్ సంస్థలు బయటికి వెళ్లే పోర్టు 25ను మూసే ఉంచుతాయి. ఇప్పటికే ఉన్న మెయిల్ ఖాతా ద్వారా పంపి, మీ డొమైన్ నుంచి పంపుతున్నట్లయితే ఎస్‌పిఎఫ్, డికెఐఎమ్ రికార్డులు (ఆ మెయిల్ నిజంగా మీ డొమైన్‌దేనని తెలిపేవి) సరిచూసుకుంటే సరిపోతుంది.

అపోహ: నోటిఫికేషన్ రాలేదంటే ఫైలు పోయినట్లే.

వాస్తవం: ఈ భయంతో రాత్రిపూట ఫోన్ చేసినవారిని నేను ఎన్నడూ విసుక్కోలేదు, ఎందుకంటే ఆ ఫైలు విలువ వారికే తెలుసు. అయితే ఫైలు అప్‌లోడ్ కావడానికీ మెయిల్ రావడానికీ సంబంధం లేదు; వెబ్‌లో లాగిన్ అయి ఫోల్డర్ తెరిస్తే ఫైలు ఉన్నదీ లేనిదీ అక్కడే తెలుస్తుంది. మెయిల్ వచ్చి, అందులోని లింకు నొక్కితే లోకల్‌హోస్ట్‌కు, అంటే సర్వర్‌కు బదులు చూసేవారి కంప్యూటర్‌కే, వెళుతున్నా కంగారు పడనక్కర లేదు. క్రాన్ ద్వారా వెళ్లే మెయిళ్లలోని లింకులకు చిరునామా కాన్ఫిగ్‌లోని ఓవర్‌రైట్.సిఎల్ఐ.యుఆర్ఎల్ నుంచి వస్తుంది కనుక, అక్కడ మీ సర్వర్ అసలు చిరునామా రాస్తే తరువాతి మెయిల్ నుంచి లింకులు సరిగ్గా తెరుచుకుంటాయి.