గార్డు చేతిలో గడియారం

చిన్నారులూ,

ఫ్రాన్స్‌లో దొరల ఎస్టేట్లలో వేటజంతువులను కాచే మనిషిని గార్డ్-షాస్ అంటారు. బొమ్మల్లో అతని భుజాన తుపాకీ, పక్కన కుక్క ఉంటాయి. నన్నడిగితే, వాటికన్నా అతనికి పనికొచ్చినవి కాగితమూ గడియారమూ.

1789కి ముందు వేట దొరలకే చెల్లేది. 1669 నాటి రాజశాసనం ప్రకారం వర్తకుడో చేతిపనివాడో వేటాడితే 100 లీవ్రుల (అప్పటి ఫ్రాన్స్ డబ్బు) జరిమానా, రెండోసారి 200. మూడోసారి సంతరోజున మెడకు ఇనుప పట్టీ బిగించి 3 గంటలు నిలబెట్టి, ఆపైన 3 ఏళ్లు ఆ ప్రాంతం నుంచి వెళ్లగొట్టేవారు. ఆ ప్రత్యేక హక్కు ఫ్రెంచి విప్లవంలో, 1789 ఆగస్టు 4 రాత్రి పోయింది. భూమి ఎవరిదో వేట వాళ్లది అయింది. దొరలకు భూములు మిగిలాయి కాబట్టి గార్డులూ మిగిలారు.

గార్డును యజమాని ఎంచుకుంటాడు, సర్కారు ఒప్పుకుంటుంది, గార్డు కోర్టులో ప్రమాణం చేస్తాడు. అప్పుడు ‘లా ల్వా’, అంటే ‘చట్టం’ అని చెక్కిన ఇత్తడి బిళ్ళ తగిలించుకునేవాడు. మన బిళ్ళబంట్రోతు గుర్తొస్తున్నాడా? కాకపోతే ఈ బిళ్ళకు తన యజమాని పొలిమేర దాకే విలువ. కందకం దాటితే అతను మామూలు మనిషే.

వసంతంలో పని, వేటకోసం పెంచే కోడిలాంటి ఫెజెంట్ పిట్టల పెంపకం. గుడ్లను పొదుగుకు వచ్చిన నాటుకోడి కింద పెడతారు. కోడిగుడ్డుకు 21 రోజులు చాలు, వీటికి 24 దాకా పడుతుంది. పిల్లలకు చీమగుడ్లు, ఉడికించి తరిగిన గుడ్డు మేత. తడిగడ్డిలో తిరిగితే చలిపట్టి చచ్చిపోతాయి. అందుకే గూళ్లు ఎండ తగిలే ఎత్తు నేలమీద పెడతారు. అడవిలోకి వదిలాక కూడా బాటల వెంట గోధుమలు చల్లుతూనే ఉండాలి. మానేస్తే పక్క ఎస్టేటుకు పోతాయి, అక్కడ వాటిని కొట్టే హక్కు పక్కవాడిది.

ఇక దొంగవేట. కుందేలు నడిచే సన్నదారిలో ఇత్తడి తీగ ఉచ్చు కడతారు. మెరుపు పోవడానికీ మెత్తబడడానికీ తీగను ముందే మంటలో కాలుస్తారు. కొత్తగా నరికిన కర్రముక్క తెల్లదనమో, తొక్కిన గడ్డో చూసి గార్డు దాన్ని పసిగడతాడు. కానీ పీకెయ్యడు. ఉచ్చు దొరికితే ఎవరు కట్టారో తెలియదు కదా! రాత్రంతా పొదలో కూర్చుని, తెల్లవారుజామున కుందేలు కోసం వచ్చే మనిషిని కళ్లారా చూడాలి.

చూశాకే అసలు చిక్కు. 1844 మే 3 నాటి చట్టం ప్రకారం వేటగాడి తుపాకీ లాక్కోకూడదు. ముసుగు వేసుకున్నా, పేరు చెప్పకపోయినా, ఇల్లెక్కడో తెలియకపోయినా తప్ప పట్టుకుపోకూడదు. పంచనామాలాంటి కాగితం రాయాలి: రోజు, గంట, చోటు, మనిషి, తను చూసింది. ఎదుటివాడు తప్పని రుజువు చేసేదాకా కోర్టు దాన్ని నమ్ముతుంది. అయితే అప్పట్లో నేరం జరిగిన 24 గంటల్లోగా మేయరు ముందో, స్థానిక న్యాయాధికారి ముందో అది నిజమని ప్రమాణం చేయాల్సి వచ్చేది. గడువు దాటిందా, కాగితం చెల్లేది కాదు. రాత్రంతా మంచులో కూర్చున్న మనిషి నిద్ర కూడా పోకుండా ఊళ్లోకి నడిచింది ఇందుకే.

ఆ కొలువు ఇప్పటికీ ఉంది. ఇప్పుడు కాగితం ప్రాసిక్యూటర్‌కు పంపడానికి 5 రోజులు గడువు. పోలీసని జనం పొరబడకుండా కెపీ (ఫ్రెంచి పోలీసులు పెట్టుకునే గుండ్రటి టోపీ) పెట్టుకోవడం మాత్రం నిషేధం.

మీ తాతయ్య